గాలి వినపడని గది

2022 వేసవి. ఏప్రిల్ ఎండలు ముదురుతున్న రోజుల్లో బందరులో నా ఆఫీసుకి ఒక ప్రభుత్వ శాఖ నుంచి ఫోను వచ్చింది. ఏ శాఖో చెప్పను. అందులో ఇంకా ఒకరిద్దరు మంచివాళ్ళు పనిచేస్తున్నారు, వాళ్ళని నొప్పించడం నాకిష్టం లేదు. మిగతావాళ్ళు నొచ్చుకుంటే నాకేం బాధ లేదు. దివిసీమలో, హంసలదీవికి వెళ్ళే దారిలో, సముద్రానికి కాస్త ఇవతల ఒకప్పటి రేడియో స్టేషను భవనం ఒకటి ఉంది, దాన్ని చూసి రిపోర్టు ఇవ్వాలన్నారు.

"పెద్దగా చూసేదేం లేదండీ మేడం. ఇప్పటికే ఒకాయన చూసి కూలగొట్టెయ్యమని రాసిచ్చారు. రూలు ప్రకారం రెండో సంతకం కావాలి, అంతే," అన్నాడు ఫోన్లో మనిషి.

ఆ 'అంతే' దగ్గరే నాకు ఒళ్ళు మండింది. నాకు కోపం ఎక్కువని బందరులో అందరికీ తెలుసు. అయినా నన్నే పిలిచారంటే, ఆడమనిషి కదా, దూరం కదా, అంత ఎండలో అంత దూరం ఏం వస్తుందిలే, ఆఫీసులో కూర్చునే సంతకం పెట్టేస్తుంది అనుకుని ఉంటారు.

నా పని గురించి కాస్త చెప్పాలి. నేను స్ట్రక్చరల్ ఇంజనీరుని. ఇల్లు కట్టేటప్పుడు స్తంభం ఎంత లావుండాలి, అందులో ఎంత ఇనుము వెయ్యాలి అని తేల్చేది మేమే. కానీ నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి పాత భవనాలు. ఇది ఇంకా నిలుస్తుందా, పడగొట్టాలా అని అడుగుతారు. ఆ పరీక్షని స్ట్రక్చరల్ ఆడిట్ అంటారు. మా డెల్టాలో, అందులోనూ సముద్రం వైపు, భవనాలకి వచ్చే పెద్ద జబ్బు తుప్పు. ఉప్పుగాలి కాంక్రీటులోకి మెల్లగా దిగి లోపలి ఇనుముని పట్టుకుంటుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, పైనున్న కాంక్రీటుని పెచ్చులు పెచ్చులుగా రాలగొడుతుంది. దాన్ని మేం స్పాలింగ్ అంటాం. బందరులో తలెత్తి ఏ పాత సన్‌షేడు చూసినా మీకూ కనపడుతుంది.

ముందటి రిపోర్టు తెప్పించుకుని చదివాను. రాసింది ప్రసాదు. కాలేజీలో నాకు జూనియరు, ఇప్పుడు గుడివాడలో పేరున్న కన్సల్టెంటు. బయట సన్‌షేడ్లు రాలుతున్నాయని రాశాడు, సరే. తర్వాత అసలు సంగతి. 'మధ్య హాలు గోడలు ఎక్కడ తట్టినా డొల్ల శబ్దం వస్తోంది. నేల అడుగు వేస్తే ఊగుతోంది. గోడలు లోపల గుల్లబారి, శ్లాబు బలం కోల్పోయినట్టు స్పష్టం. భవనం మనుషులు ఉండటానికి పనికిరాదు. వెంటనే తొలగించాలి.'

మధ్య హాలు. గోడలు డొల్ల. నేల ఊగుతుంది. చదువుతుంటే నా అరికాళ్ళకి ఆ నేల గుర్తొచ్చింది. ఎందుకంటే ఆ హాల్లో నేను పాట పాడాను.

మాది మొవ్వ. నేను ఆరో తరగతిలో ఉండగా మా పాటల టీచరు కొంతమంది పిల్లల్ని ఏరి, బాలల కార్యక్రమానికని బస్సులో ఆ స్టేషనుకి తీసుకెళ్ళింది. 1977 ఉప్పెన తర్వాత, సముద్రం మీదకి వెళ్ళేవాళ్ళకి గాలీవానా కబురు వేళకి చెప్పాలని కట్టిన చిన్న స్టేషను అది. పొద్దున్నా సాయంత్రం జాలర్లకి వాతావరణం, మధ్యలో వ్యవసాయం, పాటలు, ఆదివారం మాలాంటి పిల్లలు. శాంతమ్మ గారని అనౌన్సరు ఉండేవారు. మనిషి బక్కపలచగా, వాయిలు చీర, చెవులకి చిన్న దుద్దులు. రేడియోలో ఆ గొంతు విని నేను చాలా పెద్ద మనిషిని ఊహించుకున్నాను. చెప్పులు బయట విప్పించి, ఒక బరువైన తలుపు తీసి, ఒక అడుగు వెడల్పు చీకటి సందు దాటించి, ఇంకో బరువైన తలుపు తీసి మమ్మల్ని లోపలికి పంపారు.

రెండో తలుపు మూసుకోగానే లోకం ఆగిపోయింది. బయట సరుగుడు చెట్లు హోరుమంటున్నాయి కదా అంతదాకా, ఆ హోరు తెగిపోయింది. మా పక్కింటి కమల చెవుడొచ్చేసిందని ఏడుపు మొదలెట్టింది. నేను ధైర్యస్థురాలిని కాబట్టి నేల మీద గెంతి చూశాను. మెత్తగా ఉంది. శాంతమ్మ గారు నా భుజం పట్టుకుని ఆపి, "గెంతకు తల్లీ. ఈ నేల కింద ఇంకో నేల ఉంది. ఈ గోడ వెనకాల ఇంకో గోడ ఉంది. మనం గదిలో ఉన్న గదిలో ఉన్నాం. అందుకే సముద్రం కూడా లోపలికి రాలేదు," అన్నారు.

పాట సంగతి మర్చిపోయాను. ఆ మాట మర్చిపోలేదు. ఇంజనీరింగులో చేరాక ఒక పుస్తకంలో ఆ గది బొమ్మ చూశాను. ఆ నేలని ఫ్లోటింగ్ ఫ్లోర్, అంటే తేలే నేల అంటారు. అసలు శ్లాబు మీద రబ్బరు దిమ్మలో, బెండు పలకలో పరిచి, వాటి మీద చెక్క నేల వేస్తారు. పైనేల ఎక్కడా గోడని తాకదు. గోడకీ అంతే, ఇటుక గోడకి ఇవతల చెక్క చట్రం కట్టి, దాంట్లో గ్లాస్ ఊల్ అనే గాజు దూది కూరి, పైన చిల్లుల బోర్డు కొడతారు. మధ్యలో ఖాళీ ఉంటుంది. శబ్దాన్ని ఆపేది ఆ ఖాళీయే. అలాంటి గోడని సుత్తితో తడితే డొల్ల శబ్దం కాక మంగళవాయిద్యం వస్తుందా?

ప్రసాదుకి ఫోను చేశాను.

"బోర్డు విప్పి వెనకాల చూశావా నువ్వు?"

"అవసరమా అక్కా? సౌండే చెప్తోంది కదా."

"అది రేడియో స్టూడియోరా. చిన్నప్పుడు నేను పాడిన గది. సౌండ్ కోసం కట్టిన గది."

"అయినా అక్కా, వాళ్ళకి కూలగొట్టాలని ఉంది. మనకెందుకు చెప్పు. అక్కడ గెస్ట్ హౌసు వస్తోందంట, డ్రాయింగులు కూడా అయిపోయాయి," అన్నాడు. పరీక్షలో కాపీ కొట్టినవాడిని చూస్తే ఎంత కోపం వస్తుందో అంత వచ్చింది. ఫోను పెట్టేశాను.

మర్నాడే పరికరాలు కారులో వేసుకుని బయల్దేరాను. భవనం రోడ్డు కన్నా బాగా ఎత్తులో, రాతి అరుగు మీద ఉంది. నేను గుర్తుపెట్టుకున్నంత పెద్దదేం కాదు. రేడియో వాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు. పెద్ద ట్రాన్స్‌మిటర్లు వచ్చాక ఈ చిన్నదాంతో పనిలేదన్నారట. గేటు దగ్గర తాళంచెవి పట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. పేరు నాగేశ్వరమ్మ. పక్కనే ఉన్న జాలరిపేటలో ఉంటుంది, చేపలు కొని కోడూరు, అవనిగడ్డ తీసుకెళ్ళి అమ్ముతుంది. రేడియో వాళ్ళు వెళ్ళేటప్పుడు ఆవిడ మామగారికి తాళం అప్పజెప్పారు, ఆయన పోయాక ఈవిడ దగ్గరికొచ్చింది.

"పడగొడతానికేనాండీ వచ్చింది?" అంది, నమస్కారం కూడా పెట్టకుండా.

"చూట్టానికొచ్చానమ్మా. చూడకుండా ఏం చెప్పను?"

"మొన్నొచ్చినాయన కూడా చూశాడులెండి. సుత్తితో గోడలన్నీ కొట్టి, ఇట్టా ఇట్టా తల ఊపి ఎల్లిపోయాడు. ఇది మాకెందుకో ఒక్క మాట అడగలా."

అడిగాను. లోపలికి పదండి, చెప్తానంది. రెండు తలుపులూ అలాగే ఉన్నాయి. చెక్క నల్లబడింది, రబ్బరు అంచులు ఎండిపోయాయి, అయినా ఆ సందు దాటి రెండో తలుపు మూసేసరికి బయట సరుగుళ్ళ హోరు పోయింది. మూలల్లో చాపలు చుట్టి పెట్టి ఉన్నాయి. ఒక గోడకి, చీరతో ఉయ్యాల కట్టడానికి కొక్కేలు ఉన్నాయి. తుఫాను కబురు రాగానే పేటంతా ఈ అరుగెక్కుతుంది. మగాళ్ళూ పెద్ద పిల్లలూ బయటి గదుల్లో సర్దుకుంటారు. ఈ గది మాత్రం బాలింతలకీ, చంటిపిల్లలకీ, ముసలివాళ్ళకీ. అది వాళ్ళలో వాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు. ఎవరూ దాటరట.

"కొత్త షెల్టరు ఉంది కదమ్మా మీకు?"

"ఉందండీ. కాళ్ళ మీద నిలబెట్టారు కదా, కిందనించి గాలి ఈలేస్తది. కిటికీలు కొట్టుకుంటయ్యి. మా అత్తనోసారి అక్కడికే తీసుకెళ్ళాం. అందరం చూస్తా ఉండగానే మెట్లు దిగి వానలోకి పరిగెత్తింది. సముద్రంవైపుకండీ. పిల్లలు పిలుస్తన్నారంటది. ఉప్పెనలో పోయారు కదా ఆవిడ పిల్లలు. గాలి శబ్దం ఇంటే చాలు, ఇంక మనిషి కాదండీ ఆవిడ."

ఆ అత్త వీరమ్మ. గుమ్మం బయట అరుగు మీద కూర్చుని వల అతుకుతోంది. ఆ ఉప్పెనలో ఆవిడ తాటిచెట్టు పట్టుకుని బతికింది, పిల్లలు చేతుల్లోంచి పోయారు. తర్వాత పుట్టిన కొడుకే నాగేశ్వరమ్మ మొగుడు. మామూలు రోజుల్లో ఆవిడకేం లేదు, గయ్యాళి కూడా. నన్ను పైనించి కిందకి చూసి, "నువ్వేనా ఇంజనీరువి? చెప్పులిప్పావా లోపలికెళ్ళేటప్పుడు?" అని అడిగింది. విప్పానన్నాను.

"లోపల కూకుంటే ఏమనిపిస్తది మామ్మా, తుఫానప్పుడు?" అన్నాను.

"ఏమనిపిస్తదేంటి. గాలి ఉండదు అక్కడ. తలుపేస్తే అయిపోద్ది," అంది వలలోంచి తలెత్తకుండా.

తర్వాత నా పని నేను చేశాను. రీబౌండ్ హ్యామర్ అని ఒక పరికరం ఉంటుంది. కాంక్రీటుకి ఆనించి నొక్కితే లోపలి స్ప్రింగు వెనక్కి తన్నుతుంది. ఎంత గట్టిగా తన్నితే కాంక్రీటు అంత గట్టిది. స్తంభాలు, దూలాలు అన్నీ గట్టిగానే తన్నాయి. అల్ట్రాసోనిక్ పరీక్ష కూడా చేశాను, అంటే కాంక్రీటు ఒక పక్కనించి ఇంకో పక్కకి మనకి వినపడని శబ్దం పంపి అది ఎంత వేగంగా వస్తుందో చూడటం. లోపల గుల్లబారితే ఆలస్యంగా వస్తుంది. ఎక్కడా ఆలస్యం లేదు. కట్టినవాళ్ళెవరో గానీ ఇక్కడి ఉప్పునీళ్ళు కలపలేదు, కాలవ నీళ్ళు తెప్పించి కట్టారని నాకు నమ్మకం. స్టూడియోలో ఒక మూల బోర్డు విప్పించాను. వెనకాల గ్లాస్ ఊల్, దాని వెనకాల ఖాళీ, దాని వెనకాల నిక్షేపంలాంటి ఇటుక గోడ. సన్‌షేడ్లు, వరండా అంచు మాత్రం బాగు చెయ్యాలి. మిగతా భవనం మా బందరులో ఇప్పుడు కడుతున్న అపార్ట్‌మెంట్ల కంటే గట్టిది.

ఆ శాఖలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారిని కలవడానికి వెళ్ళాను. ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడే మనిషి. అలాంటివాళ్ళతోనే నాకు గొడవ.

"మేడం, మీరు సెంటిమెంటల్‌గా చూస్తున్నారు. చిన్నప్పుడు పాడారంట కదా అక్కడ," అన్నాడు. ప్రసాదు చెప్పి ఉంటాడు.

"నేను చూసింది సుత్తితోనండీ. రీడింగులు మీ ముందే ఉన్నాయి. గోడ డొల్లగా ఉందన్నది లోపం కాదు, అది అలాగే కట్టారు. నేల ఊగేది అందుకే. ఏది లోపమో ఏది కట్టడమో తెలియకుండా రాసిన కాగితం మీద నా సంతకం అడిగారు మీరు."

"జనానికి షెల్టరు ఉంది కదా మేడం."

"ఉంది. ఉన్నా ఒకావిడ అందులోంచి సముద్రం వైపుకి పరిగెత్తింది. ఆ గదిలో కూర్చుంటే పరిగెత్తదు. అది కూడా రిపోర్టులో రాశాను."

రాశాను. ఒకసారి కాదు, రెండు చోట్ల రాశాను. స్టూడియో గోడల లోపలి పొర, తేలే నేల, జంట తలుపులు శబ్దాన్ని ఆపడానికి ఉన్నవి, వాటిని తొలగించకూడదు, తుఫాను వేళల్లో స్థానికులకి అవి అత్యవసరం అని, ఎవరికైనా అర్థమయ్యే మాటల్లో రాశాను. చివరి పేజీలో, మామూలుగా రాసినట్టే, 'భవనం దృఢంగా ఉంది, చిన్న మరమ్మతులతో వాడుకోవచ్చు' అని రాసి సంతకం పెట్టాను.

నాగేశ్వరమ్మ ఊరుకోలేదు. పేట ఆడవాళ్ళని వెంటేసుకుని అవనిగడ్డలో నాయకుల ఇళ్ళ చుట్టూ తిరిగింది, చేపల గంప అక్కడే దింపి కూర్చుంది. కూర్చున్నచోట ఆ వాసనకైనా పని అయ్యుంటుందనుకుంటాను. కూలగొట్టే ఆలోచన మానుకున్నారు. గెస్ట్ హౌసు ఇంకో చోటికి పోయింది. రేడియో భవనాన్ని మరమ్మతు చేసి తుఫాను రక్షణ కేంద్రంగా ప్రకటిస్తున్నామని పేపర్లో వేశారు. అవనిగడ్డలో చిన్న సభ పెట్టి నాకు శాలువా కప్పారు. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు నా గురించి మైకులో మాట్లాడి, "ఇలాంటి వారసత్వ కట్టడాలు మన గుండెచప్పుళ్ళు" అన్నారు. నేను నమ్మాను. సంతోషంగానే ఇంటికొచ్చి, ఆ శాలువా మడిచి బీరువాలో పెట్టుకున్నాను.

మరమ్మతులు జరుగుతుండగా నేను ముదినేపల్లిలో ఒక కళ్యాణమండపం పనిలో ఉన్నాను. చేపల చెరువు పూడ్చి కట్టింది, ఒక పక్కకి దిగిపోతోంది, దాంతోనే సరిపోయింది. సన్‌షేడ్లు ఎలా చేస్తున్నారని రెండుసార్లు ఫోను చేశాను. బ్రహ్మాండంగా చేస్తున్నాం మేడం అన్నారు.

వానాకాలం పోయాక గాలివాన వచ్చింది. పెద్ద తుఫానేం కాదు, పేపర్లు రెండు రోజుల్లో మర్చిపోయాయి. అది తీరం దాటిన మర్నాడు నాగేశ్వరమ్మ ఫోను చేసింది.

"అమ్మగారూ, బిల్డింగు నిలబెట్టారు. నిలబడింది. గదేదండీ?"

నాకు అర్థం కాలేదు. ఏ గది అన్నాను.

"మా గదండీ. మీరొచ్చి చూడండి ఒకసారి."

రోడ్డు మీద కొమ్మలు పడి ఉన్నాయి, ఇంకా గాలి తగ్గలేదు. వెళ్ళాను. భవనానికి తెల్లరంగు వేశారు, అంచులకి నీలం. సన్‌షేడ్లు నిజంగానే బాగా చేశారు. లోపలికి వెళ్ళాను. జంట తలుపులు లేవు. ఒక్క తలుపు ఉంది, రేకుది, కొత్తది. చిల్లుల బోర్డులు లేవు, గ్లాస్ ఊల్ లేదు, చెక్క నేల లేదు. ఇటుక గోడకి నున్నగా సిమెంటు పూసి, మీగడ రంగు కొట్టి, కింద మెరిసే టైల్సు వేశారు. సముద్రం వైపు గోడకి రెండు పెద్ద కిటికీలు పగలగొట్టి పెట్టారు, గాలీ వెలుతురూ రావాలని. జారుడు అద్దాలు వాటి చట్రాల్లో దడదడా కొట్టుకుంటున్నాయి. నేను మాట్లాడితే నా గొంతు నాకే తిరిగొచ్చింది. వరండాలో కన్నా లోపలే హోరు ఎక్కువగా ఉంది.

నాగేశ్వరమ్మ గోడకి ఆనుకుని నిలబడి చెప్పింది. కబురు రాగానే అత్తని ఇక్కడికే తీసుకొచ్చింది. పని జరిగేటప్పుడు లోపలికి ఎవరినీ రానివ్వలేదు, తాళం మార్చేశారు, కాబట్టి వీళ్ళెవరికీ తెలియదు. వీరమ్మ అలవాటుగా చెప్పులు విప్పి లోపలికొచ్చి, గది మధ్యలో కూర్చుని, తలుపెయ్యమంది.

"ఏశానండీ. 'ఏశావా?' అంది. ఏశానత్తా అన్నాను. 'ఎయ్యలేదే, ఎయ్యి' అంది. లేచి ఎల్లి గడియ కూడా చూపించాను. మళ్ళీ 'తలుపెయ్యండే' అంటది. తెల్లార్లూ అదే మాటండీ. అరిచింది, ఏడ్చింది, తిట్టింది. బయటికి పోబోతే నా పైట చెంగుతో ఆవిడ చెయ్యీ నా చెయ్యీ కలిపి ముడేసుకుని కూకున్నాను. చంటిపిల్లలు ఒక్కళ్ళు నిద్రపోతే ఒట్టు."

నాగేశ్వరమ్మ ముంజేతి మీద ఆ ముడి ఒరిపిడి ఇంకా ఎర్రగా ఉంది. వీరమ్మ చేతికీ ఉండే ఉంటుంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎంత కోపమంటే, కారు ఎక్కడ ఆపానో కూడా గుర్తురాక వెతుక్కున్నాను. తిన్నగా ఆ ఆఫీసుకే పోయాను. స్లిప్పు పంపమన్న అటెండరుని పక్కకి జరగమన్నాను.

ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు అప్పుడు కూడా నవ్వారు. "మేడం, మీ రిపోర్టు ప్రకారమే చేశాం కదండీ."

"నా రిపోర్టులో ఆ గది ముట్టుకోవద్దని ఉంది."

"మీ రిపోర్టు చివరి పేజీ చూశాం. భవనం దృఢంగా ఉంది, మరమ్మతు చెయ్యొచ్చు అన్నారు. ఇంక మరమ్మతులు ఏంటి అన్నదానికి మొదటాయన రిపోర్టులో లోపాలు వరసగా ఉన్నాయి కదా. డొల్ల గోడలు, ఊగే నేల. అవి సరిచేశాం. డొల్ల తీసేశాం, నేల గట్టిగా వేశాం. మీరు అడిగింది భవనం ఉండాలనే కదా?"

ఆయన అబద్ధం ఆడటం లేదు. అదే నన్ను మరీ మండించింది. దొంగ అయితే దొంగ అని తిట్టి రావచ్చు. ఈయన ఒక రిపోర్టులో మొదటి ముక్కా, ఇంకో రిపోర్టులో చివరి ముక్కా తీసుకుని, రెండూ అతికించి, తృప్తిగా కూర్చున్నాడు. మధ్యలో ఉన్న మనుషులు ఆయనకి ఎక్కడా తగల్లేదు.

"ఆ బోర్డులు, తలుపులు ఏం చేశారు?"

"పాత సామానండీ. కాంట్రాక్టరు తీసుకెళ్ళిపోయుంటాడు."

"మీరు ఆ గదిలోకి వెళ్ళారా, పని మొదలెట్టే ముందు? తలుపు వేసుకుని ఒక్క నిమిషం నిలబడ్డారా?"

"అంత టైము ఎక్కడిది మేడం," అన్నాడు.

అప్పుడు నేనన్న మాటలు ఇక్కడ రాయను. గుమాస్తాలు లేచి నిలబడ్డారు. ఆ శాఖ నుంచి నాకు ఇప్పటిదాకా ఇంకో పని రాలేదు, రాకపోయినా ఫరవాలేదు. శాలువా మర్నాడే పార్సెల్లో తిప్పి పంపాను. ప్రసాదుకి కూడా ఫోను చేసి నాలుగు తిట్టాను. వాడు మాత్రం చివరికి, "తప్పేనక్కా" అన్నాడు. ఆ మాట అన్నది ఈ మొత్తం వ్యవహారంలో వాడొక్కడే.

ఇన్నేళ్ళుగా భవనం కూలకుండా చూడటమే నా వృత్తి అనుకున్నాను. మా చదువు కూడా అదే చెప్పింది, ఎంత బరువు మొయ్యాలి, ఎంత మోస్తుంది. ఆ రేడియో భవనం నిక్షేపంగా నిలబడి ఉంది, ఇంకో యాభై ఏళ్ళు నిలబడుతుంది, దాని వల్ల వీరమ్మకి ఆవగింజంత ఉపయోగం లేదు. గోడలు నిలిపి గదిని చంపెయ్యొచ్చని నాకు ఈ కేసే నేర్పింది. అప్పట్నుంచీ నా ప్రతి రిపోర్టూ ఒక ప్రశ్నతోనే మొదలవుతుంది. ఈ భవనంలోకి ఎవరు వస్తారు, ఎందుకు వస్తారు. ఏది ముట్టుకోకూడదో మొదటి పేజీలో రాస్తాను, చివరి పేజీలో సంతకం పైన మళ్ళీ రాస్తాను. మధ్యలో ఏం రాసినా ఎవరూ చదవరని తెలిసింది కాబట్టి. పని జరిగేటప్పుడు నేను ఉంటేనే సంతకం పెడతానంటాను. చాదస్తమంటున్నారు, అనుకోనివ్వండి.

ఆ గది మళ్ళీ కట్టడానికి డ్రాయింగులు నేనే గీసి ఇచ్చాను. కిటికీలు మూసి, కొబ్బరిపీచు పరుపులతో, చిల్లుల ప్లైవుడ్డుతో, మళ్ళీ జంట తలుపులతో. పెద్ద ఖర్చు కూడా కాదు. ఎప్పుడడిగినా పరిశీలనలో ఉందంటున్నారు. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు బదిలీ అయిపోయారు, కొత్తాయనకి మొదటినించీ చెప్పుకొస్తున్నాను.

మొన్న ఆ కొలతలు మళ్ళీ ఒకసారి సరిచూసుకుందామని వెళ్ళాను. వీరమ్మ లోపల టైల్సు మీద కూర్చుని ఉంది. ఈ మధ్య గాలి లేని రోజుల్లో కూడా వచ్చి అక్కడే కూర్చుంటోందట. ఆ రోజు మాత్రం సముద్రపు గాలి కాస్త వీస్తోంది, కిటికీ అద్దాలు కదులుతున్నాయి. నేను టేపు తీసి గోడ కొలుస్తుంటే చాలాసేపు చూసింది.

"నువ్వు ఇంజనీరువి కదా," అంది.

"అవును మామ్మా."

"ఆ తలుపు కొంచెం ఎయ్యమ్మా. వీళ్ళకి చాతకావడం లేదు."

తలుపు వేసే ఉంది. నేను లేచి వెళ్ళి, దాన్ని తీసి, మళ్ళీ గట్టిగా వేసి, గడియ పెట్టాను. వెనక్కి తిరిగేసరికి ఆవిడ ఇంకా తలుపు వైపే చూస్తోంది.